ఇన్ఫినీబ్యాండ్ క్లస్టర్‌లో పార్టిషన్లు కుదరకపోతే: కింద పోర్టు దగ్గర మొదలుపెట్టి పైకి వెతికే పద్ధతి

ఇన్ఫినీబ్యాండ్ అంటే క్లస్టర్‌లోని మెషీన్లను కలిపే వేగమైన నెట్‌వర్క్. అందులో ఏ నోడ్ ఏ నోడ్‌తో మాట్లాడొచ్చో గీసే విభజనే పార్టిషన్, నెట్‌వర్క్ మొత్తాన్ని సర్దే ప్రోగ్రామే సబ్‌నెట్ మేనేజర్. పార్టిషన్ ఫైలు రాశాం, సబ్‌నెట్ మేనేజర్ రీస్టార్ట్ చేశాం, అయినా పింగ్ పోవడం లేదు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీ ల్యాబుల్లో చిన్న క్లస్టర్లు చూసుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. అంతకన్నా ప్రమాదకరమైన ప్రశ్న ఇంకొకటి ఉంది, దాన్ని తక్కువమంది అడుగుతారు: "అంతా బాగానే పని చేస్తోంది, కానీ వేరే పార్టిషన్‌లోని నోడ్ కూడా అందుతోంది, ఎందుకని?"

రెండింటికీ మూలం చాలాసార్లు ఒకటే లైను. డిఫాల్ట్ పార్టిషన్ గురించి ఫైల్లో ఏం రాశారు, లేదా ఏం రాయలేదు అన్నది. దాన్ని నాలుగో మెట్టులో తీరిగ్గా చూద్దాం.

ఇక్కడ చెప్పేది లినక్స్ నోడ్లు, ఓపెన్‌ఎస్ఎం సబ్‌నెట్ మేనేజర్, మెలనాక్స్ రకం కార్డులు ఉన్న క్లస్టర్‌కు. ఈథర్నెట్ మీద నడిచే ఆర్‌డీఎంఏకు (ఒక మెషీన్ మెమరీలోకి ఇంకో మెషీన్ నేరుగా రాసే పద్ధతి), అంటే రోసీ (RoCE)కి, ఇది వర్తించదు, అక్కడ విడదీయడానికి వీల్యాన్లే దారి. ఆదేశాలను, ఫైలు పేర్లను పలికినట్టు తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

## 1. కీబోర్డు ముట్టుకునే ముందు

కాగితం మీద లేని పార్టిషన్‌ను మెషీన్ మీద సరిచేయలేం. ముందు ఒక పట్టిక గీయండి. ఉదాహరణకు మన క్లస్టర్ ఇలా ఉందనుకుందాం (కీ అంటే పార్టిషన్ గుర్తింపు సంఖ్య):

- నోడ్ 1 నుంచి 4: విద్యార్థుల ల్యాబు. కీ 0010.
- నోడ్ 5 నుంచి 8: పరిశోధన. కీ 0020.
- స్టోరేజ్ సర్వర్: అందరికీ కావాలి. కీ 0030.
- హెడ్ నోడ్: 0010లోనూ 0020లోనూ ఉండాలి. సబ్‌నెట్ మేనేజర్ నడిచేది దీని మీదే.

ప్రతి నోడ్ పక్కన దాని పోర్టు జీయూఐడీ (కార్డు పోర్టుకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాయండి. నోడ్ మీద ‘ఐబీస్టాట్’ కొడితే నోడ్ జీయూఐడీ, పోర్టు జీయూఐడీ అని రెండు కనిపిస్తాయి. ఫైల్లోకి వెళ్లాల్సింది పోర్టుది. కొత్త కార్డుల్లో చాలావరకు రెండూ ఒకటే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. కనెక్ట్‌ఎక్స్-3 లాంటి పాత కార్డుల్లో మాత్రం చివరి అంకె మారుతుంది. పాత, కొత్త కార్డులు కలిపి వాడే ల్యాబుల్లో సగం నోడ్లు పని చేసి సగం చేయకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. ‘ఐబీస్టాట్ -పి’ అంటే పోర్టు జీయూఐడీలు మాత్రమే వస్తాయి, అక్కడి నుంచే కాపీ చేసుకోండి. చూసి రాసుకుంటే 8 కాస్తా బి అవుతుంది.

అదే ‘ఐబీస్టాట్’లో ఇంకో మూడు చూడండి:

- స్టేట్: యాక్టివ్
- ఫిజికల్ స్టేట్: లింక్అప్
- రేట్: కార్డుకు తగినదేనా? నాలుగు లేన్ల క్యూడీఆర్‌కు 40, ఎఫ్‌డీఆర్‌కు 56, ఈడీఆర్‌కు 100.

స్టేట్ ఇనిషియలైజింగ్ దగ్గరే ఆగిపోతే సబ్‌నెట్ మేనేజర్ ఆ పోర్టును ఇంకా అందుకోలేదని అర్థం. అది పార్టిషన్ సమస్య కాదు. రేట్ బాగా తక్కువ చూపిస్తే కేబుల్ సరిగ్గా కూర్చోలేదు. తీసి, తుడిచి, మళ్లీ పెట్టండి. దీన్ని వదిలేసి ముందుకు వెళ్తే ఆరో మెట్టులో మళ్లీ ఇక్కడికే రావాల్సి వస్తుంది.

## 2. కీలోని మొదటి బిట్

పార్టిషన్ కీ 16 బిట్ల సంఖ్య. కింది 15 బిట్లు పార్టిషన్ నంబరు. పై బిట్ సభ్యత్వం: 1 అయితే ఫుల్, 0 అయితే లిమిటెడ్. అందుకే 0010 పార్టిషన్‌లో ఫుల్ సభ్యుడి పట్టికలో 8010 అని, లిమిటెడ్ సభ్యుడి పట్టికలో 0010 అని కనిపిస్తుంది. డిఫాల్ట్ పార్టిషన్‌కు అవే ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్, 7ఎఫ్ఎఫ్ఎఫ్. నంబరు భాగం మొత్తం సున్నా అయితే ఆ కీ చెల్లదు.

ఫుల్, ఫుల్ మాట్లాడుకుంటాయి. ఫుల్, లిమిటెడ్ మాట్లాడుకుంటాయి. లిమిటెడ్, లిమిటెడ్ మాట్లాడుకోవు. పంక్తి భోజనంలో వడ్డించేవాళ్లు, కూర్చున్నవాళ్లు ఉన్నట్టే. వడ్డించేవాడు ఎవరి దగ్గరికైనా వెళ్తాడు, కూర్చున్నవాళ్లు ఒకరి విస్తట్లో ఒకరు చెయ్యి పెట్టరు.

మన స్టోరేజ్ పార్టిషన్‌కు కావాల్సింది సరిగ్గా ఇదే. స్టోరేజ్ సర్వర్ ఫుల్, మిగతావన్నీ లిమిటెడ్. అప్పుడు ఒకటో నోడ్ స్టోరేజ్‌ను అందుకుంటుంది గానీ ఆ దారిలో ఐదో నోడ్‌ను తాకలేదు. లెక్కలు చేసే 0010, 0020లలో మాత్రం అందరూ ఫుల్ ఉండాలి, ఎందుకంటే ఎంపీఐ (నోడ్లు కలిసి ఒకే లెక్క చేసే పద్ధతి) జాబులో నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి.

## 3. పెత్తనం ఎవరిదో తేల్చండి

పోర్టుల్లోకి కీలు ఎక్కించేది మాస్టర్ సబ్‌నెట్ మేనేజర్ ఒక్కటే. మీరు ఫైలు రాసిన మెషీన్ మాస్టర్ కాకపోతే ఎంత చక్కగా రాసినా దండగే.

ఏదో ఒక నోడ్ మీద ‘ఎస్ఎంఇన్ఫో’ కొట్టండి. మాస్టర్ ఎల్‌ఐడీ (సబ్‌నెట్ మేనేజర్ పోర్టుకు ఇచ్చే చిరునామా), జీయూఐడీ, ప్రయారిటీ, స్టేట్ వస్తాయి. ఆ జీయూఐడీ హెడ్ నోడ్‌దేనా? కాకపోతే అది ఎక్కువగా స్విచ్‌ది అయి ఉంటుంది. మేనేజ్డ్ స్విచ్‌ల లోపల వాటి సొంత సబ్‌నెట్ మేనేజర్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందన్న సంగతి ల్యాబులో ఎవరికీ తెలియకపోవచ్చు.

ఇద్దరు మేనేజర్లు ఉంటే ప్రయారిటీ ఎక్కువ ఉన్నది గెలుస్తుంది. 0 నుంచి 15 వరకు ఇవ్వొచ్చు. సమానమైతే చిన్న జీయూఐడీ ఉన్నది గెలుస్తుంది. చిన్న క్లస్టర్‌కు నా సలహా ఒకటే: స్విచ్‌లోని మేనేజర్‌ను పూర్తిగా ఆపేయండి. ప్రయారిటీలతో ఆటలొద్దు. రెండో హెడ్ నోడ్ మీద స్టాండ్‌బై పెట్టుకుంటే పార్టిషన్ ఫైలు అక్షరం తేడా లేకుండా రెండు చోట్లా ఉండాలి. లేకపోతే మాస్టర్ పడిపోయిన రోజే మీ పార్టిషన్లు కూడా పోతాయి.

## 4. ఫైలు, అందులో ఆ డిఫాల్ట్ లైను

ఫైలు పేరు పార్టిషన్స్.కాన్ఫ్. మామూలుగా ఈటీసీ కింద ఓపెన్‌ఎస్ఎం ఫోల్డర్లో ఉంటుంది. రెడ్‌హ్యాట్ రకం లినక్స్‌ల్లో ఈటీసీ కింద ఆర్‌డీఎంఏ ఫోల్డర్లో చూడండి. తప్పు ఫోల్డర్లో ఫైలు పెట్టి రోజంతా తల పట్టుకునేవాళ్లు ఉన్నారు. మీ ఓపెన్‌ఎస్ఎం ఏ దారి చదువుతోందో దాని మాన్యువల్ పేజీలో రాసి ఉంటుంది.

మన ఉదాహరణకు ఫైలు ఇలా ఉంటుంది (ఐపీఓఐబీ అంటే ఇన్ఫినీబ్యాండ్ మీద ఐపీ నడపడం, సెల్ఫ్ అంటే మేనేజర్ ఉన్న పోర్టు, డెఫ్‌మెంబర్ అంటే విడిగా చెప్పని సభ్యులకు ఇచ్చే సభ్యత్వం):

డిఫాల్ట్=0ఎక్స్7ఎఫ్ఎఫ్ఎఫ్, ఐపీఓఐబీ : ఆల్=లిమిటెడ్, సెల్ఫ్=ఫుల్ ;

ల్యాబ్=0ఎక్స్0010, ఐపీఓఐబీ, డెఫ్‌మెంబర్=ఫుల్ : హెడ్ నోడ్ జీయూఐడీ, నోడ్ 1 నుంచి 4 జీయూఐడీలు ;

రీసెర్చ్=0ఎక్స్0020, ఐపీఓఐబీ, డెఫ్‌మెంబర్=ఫుల్ : హెడ్ నోడ్ జీయూఐడీ, నోడ్ 5 నుంచి 8 జీయూఐడీలు ;

స్టోర్=0ఎక్స్0030, ఐపీఓఐబీ : ఆల్=లిమిటెడ్, స్టోరేజ్ జీయూఐడీ=ఫుల్ ;

జీయూఐడీల ముందు కూడా 0ఎక్స్ ఉండాలి, మధ్యలో కామాలు ఉండాలి, ప్రతి పార్టిషన్ చివర సెమీకోలన్ ఉండాలి. వాట్సాప్‌లోనో వర్డ్ ఫైల్లోనో తిరిగి వచ్చిన లైన్లను అతికించకండి, కంటికి కనిపించని అక్షరాలు వాటితో పాటే వచ్చేస్తాయి.

ఇప్పుడు డిఫాల్ట్ సంగతి. ఓపెన్‌ఎస్ఎం ప్రవర్తన మూడు రకాలుగా ఉంటుంది:

ఫైలే లేకపోతే, లేదా చదవడానికి వీల్లేకపోతే, అన్ని పోర్టులూ డిఫాల్ట్‌లో ఫుల్ సభ్యులు. కొత్త క్లస్టర్ పెట్టగానే అన్నీ మాట్లాడుకునేది ఇందుకే.

ఫైలు ఉండి అందులో డిఫాల్ట్ లైను లేకపోతే, మేనేజర్ ఉన్న పోర్టు ఫుల్, మిగతా అందరూ లిమిటెడ్. నిన్నటిదాకా నడిచిన ఐబీ0 (ఇన్ఫినీబ్యాండ్ కార్డు ఐపీ ఇంటర్‌ఫేస్) పింగ్ ఈరోజు ఫైలు పెట్టగానే ఆగిపోయిందంటే కారణం ఇదే. హెడ్ నోడ్ నుంచి అందరికీ పింగ్ పోతుంది, నోడ్ నుంచి నోడ్‌కు పోదు. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి.

డిఫాల్ట్ లైన్లో ఆల్=ఫుల్ అని రాస్తే మళ్లీ అందరూ అందరితో మాట్లాడతారు. పింగ్ రావడం లేదని అడిగితే ఎక్కువమంది చెప్పే చిట్కా ఇదే. టెన్షన్ అయితే తగ్గుతుంది, కానీ దాంతో పాటు పార్టిషన్ల అర్థమే పోతుంది. 0010, 0020 అని ఎన్ని గీతలు గీసినా డిఫాల్ట్ దారి తెరిచే ఉంటుంది. పట్టికలో మొదటి స్థానంలో మామూలుగా డిఫాల్ట్ కీయే ఉంటుంది, చాలా ప్రోగ్రాములు అడక్కుండానే ఆ మొదటి కీని వాడేస్తాయి.

అందుకే నిజంగా విడదీయాలంటే ఆల్=లిమిటెడ్. కేవలం ట్రాఫిక్‌ను సర్దుకోవడానికే పార్టిషన్లు కావాలంటే ఆల్=ఫుల్ పెట్టుకోండి, తప్పేం లేదు. అయితే అది భద్రత అని పై వాళ్లకు చెప్పకండి.

రెండో పొరపాటు డెఫ్‌మెంబర్ మర్చిపోవడం. అది రాయకపోతే, జీయూఐడీ పక్కన =ఫుల్ అని లేకపోతే, ఆ సభ్యుడు లిమిటెడ్ అవుతాడు. నోడ్లన్నీ పార్టిషన్‌లో ఉన్నట్టే కనిపిస్తాయి, ఒక్కటీ ఇంకోదానితో మాట్లాడదు.

మూడోది ఐపీఓఐబీ అన్న మాట వదిలేయడం. ఆ మాట ఉంటేనే మేనేజర్ ఆ పార్టిషన్‌కు బ్రాడ్‌కాస్ట్ గ్రూపు ముందుగా తయారు చేస్తుంది. లేకపోతే కీ పోర్టులోకి వస్తుంది, ఐపీ మాత్రం పైకి లేవదు.

ఫైలు సేవ్ చేశాక, జాబులు నడవని సమయం చూసుకుని ఓపెన్‌ఎస్ఎంకు హప్ సిగ్నల్ (ఫైలు మళ్లీ చదవమని చెప్పేది) పంపండి లేదా సర్వీసు రీస్టార్ట్ చేయండి. జాబులు నడుస్తుండగా సభ్యత్వం మారిస్తే తెరిచి ఉన్న కనెక్షన్లు తెగిపోవచ్చు. తర్వాత వార్ కింద లాగ్ ఫోల్డర్లో ఓపెన్‌ఎస్ఎం.లాగ్ తెరిచి పార్స్ ఎర్రర్ ఉందేమో వెతకండి.

## 5. పోర్టు పట్టిక చదవండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. ఫైల్లో ఏముందన్నది మీ కోరిక మాత్రమే. పోర్టులో ఏముందన్నదే నిజం.

నోడ్ మీద సిస్, క్లాస్, ఇన్ఫినీబ్యాండ్, ఎంఎల్ఎక్స్5_0, పోర్ట్స్, 1, పీకీస్ అన్న ఫోల్డర్లోకి వెళ్లండి. కార్డు పేరు, పోర్టు నంబరు మీ మెషీన్‌ను బట్టి మారతాయి. అక్కడ 0, 1, 2 అంటూ ఫైళ్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో కీ. ఎక్కువ భాగం 0000 ఉంటాయి, అవి ఖాళీలు. ‘గ్రెప్ -వి 0ఎక్స్0000 *’ అంటే నిండినవే వస్తాయి.

నోడ్ 1లో రావాల్సినవి: 7ఎఫ్ఎఫ్ఎఫ్, 8010, 0030. హెడ్ నోడ్‌లో: ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్, 8010, 8020, 0030. వరుస మారినా పర్వాలేదు. ప్రతి నోడ్‌కూ ఇలా ఏం రావాలో ముందే కాగితం మీద రాసుకుని, వచ్చినదాంతో పోల్చండి.

నోడ్‌లోకి లాగిన్ కాలేకపోతే హెడ్ నోడ్ నుంచే ‘ఎస్ఎంపీక్వెరీ పీకీస్’ తర్వాత ఆ నోడ్ ఎల్‌ఐడీ, పోర్టు నంబరు ఇచ్చి చూడొచ్చు.

- 8010 ఉండాల్సిన చోట 0010 ఉంటే: డెఫ్‌మెంబర్ మర్చిపోయారు.
- కీ అసలే లేకపోతే: జీయూఐడీ తప్పు, లేదా మాస్టర్ వేరే ఎవరో.
- ఏ నోడ్‌లోనూ మార్పు లేకపోతే: ఫైలు చదవలేదు. దారి, లాగ్ చూడండి.
- అన్నింట్లో ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ ఒక్కటే ఉంటే: ఫైలు లేని మేనేజర్ నడుస్తోంది. మూడో మెట్టుకు వెళ్లండి.

‘ఐబీనెట్‌డిస్కవర్’లో నోడ్లన్నీ కనిపిస్తున్నాయి కదా అని మోసపోకండి. ఆ రకం మేనేజ్‌మెంట్ ప్యాకెట్లకు పార్టిషన్ కీ తనిఖీ ఉండదు. ‘ఐబీపింగ్’ కూడా మీ పార్టిషన్‌ను పరీక్షించదు, అది వెళ్లేది డిఫాల్ట్ దారిలోనే.

పట్టిక సరిపోలేదా, ఇక్కడే ఆగి సరిచేయండి. సరిపోలకుండా ఐపీ వైపు వెళ్లడం వల్ల గంటలు పోతాయి తప్ప ఫలితం ఉండదు.

## 6. ఐపీ పొర

ఐబీ0 డిఫాల్ట్ పార్టిషన్ మీద ఉంటుంది. మిగతా ప్రతి పార్టిషన్‌కూ ఒక పిల్ల ఇంటర్‌ఫేస్ కావాలి. తాత్కాలికంగా చూడాలంటే సిస్, క్లాస్, నెట్, ఐబీ0 కింద క్రియేట్_చైల్డ్ అన్న ఫైల్లోకి 0ఎక్స్8010 అని ఎకో చేయండి, ఐబీ0.8010 పుడుతుంది. రీబూట్ అయితే అది పోతుంది. శాశ్వతంగా కావాలంటే నెట్‌వర్క్ మేనేజర్‌లో ఇన్ఫినీబ్యాండ్ రకం కనెక్షన్ చేసి, పేరెంట్ ఐబీ0, పీ-కీ 0ఎక్స్8010 ఇవ్వండి. లిమిటెడ్ సభ్యుల దగ్గర కూడా ఇంటర్‌ఫేస్ పేరులో పై బిట్ ఉన్న రూపమే వస్తుంది, అంటే ఐబీ0.8030. కంగారు పడొద్దు, సభ్యత్వాన్ని తేల్చేది పేరు కాదు, పోర్టు పట్టిక.

ఒక్కో పార్టిషన్‌కు ఒక్కో ఐపీ శ్రేణి ఇవ్వండి: 10.10.0.0, 10.20.0.0, 10.30.0.0, అన్నీ 24 మాస్క్‌తో. ఐబీ0కూ ఐబీ0.8010కూ ఒకే శ్రేణి ఇస్తే పింగ్ ఏ దారిలో పోతోందో మీకే తెలియదు. అనుమానం వస్తే ‘ఐపీ రూట్ గెట్’ తర్వాత అవతలి చిరునామా కొట్టి, ఏ ఇంటర్‌ఫేస్ పేరు వస్తుందో చూడండి.

ఇంటర్‌ఫేస్ నో-క్యారియర్ అంటూ ఉంటే ‘డీమెసేజ్’ చూడండి. పీకీ దొరకలేదని ఉంటే ఐదో మెట్టుకు వెనక్కి. మల్టీకాస్ట్ జాయిన్ ఫెయిల్డ్, స్టేటస్ -22 అని ఉంటే మూడు కారణాలు వెతకాలి. ఒకటి, ఫైల్లో ఐపీఓఐబీ మాట లేదు. రెండు, గ్రూపుకు పెట్టిన ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) ఈ పోర్టు మోయగలిగిన దానికన్నా ఎక్కువ. మూడు, గ్రూపు రేటు ఈ పోర్టు రేటుకన్నా ఎక్కువ. ‘ఎస్ఏక్వెరీ -జి’ కొడితే ఉన్న గ్రూపులు, వాటి ఎంటీయూ, రేట్ కనిపిస్తాయి.

వేగం పెరుగుతుందని పార్టిషన్ లైన్లో రేట్, ఎంటీయూ పెంచి రాసేవాళ్లు ఈ రెండో, మూడో గోతుల్లో పడతారు. అవి కోడ్ సంఖ్యలు: ఎంటీయూ=4 అంటే 2048, 5 అంటే 4096. రేట్=3 అంటే 10 గిగాబిట్లు, 7 అంటే 40. క్లస్టర్లో అన్నిటికన్నా నెమ్మది పోర్టు ఏదో దానికి సరిపడేలా ఉంచండి, లేదా రాయకుండా వదిలేయండి. సగం ఊడిన కేబుల్ వల్ల ఒక్క నోడ్ రేటు పడిపోయినా ఆ ఒక్క నోడే గ్రూపులోకి రాలేకపోతుంది. మిగతా ఏడూ బాగుండి ఒక్కటే మొండికేస్తే మొదట ‘ఐబీస్టాట్’ రేట్ చూడమనేది అందుకే.

## 7. ఎంపీఐ, ఆర్‌డీఎంఏ ప్రోగ్రాములు

పింగ్ వచ్చింది, జాబు మాత్రం కదలడం లేదు. డిఫాల్ట్‌ను లిమిటెడ్ చేసిన రోజు ఇది దాదాపు ఖాయం. ప్రోగ్రాము అలవాటు కొద్దీ డిఫాల్ట్ కీ పట్టుకుంటోంది, అక్కడ లిమిటెడ్, లిమిటెడ్ కలవడం లేదు.

యూసీఎక్స్ (ఎంపీఐ కింద డేటా మోసే లైబ్రరీ) వాడే ఓపెన్ ఎంపీఐకి జాబ్ స్క్రిప్టులో యూసీఎక్స్_ఐబీ_పీకీ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి, విలువ 0ఎక్స్10 ఇవ్వండి. ఇక్కడ పై బిట్ లేని నంబరే ఇవ్వాలి. పరిశోధన నోడ్లకు 0ఎక్స్20.

కొన్ని ప్రోగ్రాములు కీ విలువ కాకుండా పట్టికలో దాని స్థానం అడుగుతాయి. పెర్ఫ్‌టెస్ట్ (వేగం కొలిచే ప్రోగ్రాముల సెట్) లోని ‘ఐబీ_రైట్_బీడబ్ల్యూ’కు ఇచ్చే పీకీ_ఇండెక్స్ అలాంటిదే. 8010 నోడ్ 1లో ఒకటో స్థానంలో, హెడ్ నోడ్‌లో రెండో స్థానంలో ఉండొచ్చు. ప్రతి వైపూ దాని పట్టిక చూసి దాని స్థానమే ఇవ్వాలి.

ఐపీ చిరునామాతో కనెక్షన్ కుదుర్చుకునేవాటికి, అంటే ఆర్‌డీఎంఏ సీఎం వాడేవాటికి, ఈ తలనొప్పి లేదు. పిల్ల ఇంటర్‌ఫేస్ చిరునామా ఇస్తే దాని కీ తనే తీసుకుంటుంది. అదే ‘ఐబీ_రైట్_బీడబ్ల్యూ’ను -ఆర్ (పెద్ద అక్షరం) తో నడిపితే ఈ దారిలో పరీక్షించొచ్చు.

## 8. కలవకూడనివి కలవడం లేదా?

పని చేస్తోందని చూసి ఆపేయకండి. సగం పరీక్షే అయింది.

☐ నోడ్ 1 నుంచి నోడ్ 2కు 10.10 చిరునామాతో పింగ్: రావాలి.
☐ నోడ్ 1 నుంచి స్టోరేజ్‌కు 10.30 చిరునామాతో: రావాలి.
☐ నోడ్ 1 నుంచి నోడ్ 5కు 10.30 చిరునామాతో: రాకూడదు.
☐ నోడ్ 1 నుంచి నోడ్ 2కు ఐబీ0 చిరునామాతో: రాకూడదు.
☐ నోడ్ 1, నోడ్ 5 మధ్య ‘ఐబీ_రైట్_బీడబ్ల్యూ’, పీకీ_ఇండెక్స్ ఇవ్వకుండా: నడవకూడదు.

ఈ పరీక్షలు మామూలు ఈథర్నెట్ చిరునామాలతో చేస్తే అర్థం లేదు. ల్యాన్ కేబుల్ మీద నోడ్లు ఎప్పుడూ కలుస్తూనే ఉంటాయి, పార్టిషన్ దాన్ని ఆపదు. చివరి పరీక్ష నడిచిందంటే డిఫాల్ట్ ఇంకా ఫుల్‌గానే ఉంది.

ఎవరో తప్పు కీతో తలుపు కొడుతున్నారని అనుమానమైతే ‘ఎస్ఎంపీక్వెరీ పోర్ట్‌ఇన్ఫో’లో పీకీ వయొలేషన్స్ సంఖ్య చూడండి. స్విచ్ పోర్టుల మీదైతే ‘పెర్ఫ్‌క్వెరీ’లో కన్‌స్ట్రెయింట్ ఎర్రర్స్. ఆ సంఖ్య పెరుగుతూ ఉంటే ఎవరో ఒకరి జాబ్ స్క్రిప్టులో పాత కీ మిగిలిపోయింది.

## 9. కరెంటు పోయి వచ్చాక, కార్డు మార్చాక

ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఎండలు, గాలిదుమారాలు, కరెంటు కోతలు తెలిసినవే. యూపీఎస్ బ్యాటరీ అయిపోయి అన్నీ ఒకేసారి ఆగి ఒకేసారి లేస్తే, హెడ్ నోడ్ బూట్ అయ్యేలోపే స్విచ్ సిద్ధమవుతుంది. దాని లోపలి మేనేజర్‌ను ఆపకుండా వదిలేసి ఉంటే అదే మాస్టర్ అయి కూర్చోవచ్చు. దాని దగ్గర మీ ఫైలు లేదు. పొద్దున వచ్చేసరికి పిల్ల ఇంటర్‌ఫేస్‌లన్నీ పడిపోయి ఉంటాయి, ఐబీ0 మీద మాత్రం అందరూ అందరితో మాట్లాడుతుంటారు.

కరెంటు వచ్చాక ఈ వరుస పాటించండి:

☐ స్విచ్ ఆన్.
☐ హెడ్ నోడ్ ఆన్. ఓపెన్‌ఎస్ఎం సర్వీసు దానంతటదే లేచిందా?
☐ ‘ఎస్ఎంఇన్ఫో’లో హెడ్ నోడ్ జీయూఐడీ ఉందా?
☐ స్టోరేజ్, ఆ తర్వాతే మిగతా నోడ్లు.
☐ ఏదైనా రెండు నోడ్లలో పీకీస్ పట్టిక కాగితంతో పోల్చి, అప్పుడు జాబులు వదలండి.

కార్డు మార్చినా, నోడ్ మొత్తం మార్చినా జీయూఐడీ మారుతుంది. కొత్త కార్డు డిఫాల్ట్‌లోకి, ఆల్ అని రాసినందువల్ల స్టోరేజ్ పార్టిషన్‌లోకి వచ్చేస్తుంది. ఫైళ్లు తెరుచుకుంటాయి కాబట్టి అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. ల్యాబ్ పార్టిషన్‌లోకి మాత్రం రాదు, నాలుగు నోడ్ల జాబు ఇవ్వగానే బయటపడుతుంది. కార్డు బిగించిన చేత్తోనే ‘ఐబీస్టాట్ -పి’ కొట్టి, పాత జీయూఐడీ తీసేసి కొత్తది రాసి, స్టాండ్‌బై మెషీన్‌లోకి కూడా ఫైలు కాపీ చేసి, ఓపెన్‌ఎస్ఎంకు హప్ పంపండి.